అమెరికాలో హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ అప్‌గ్రేడ్: పాత పరీక్ష పాసైనట్టు ఏం చూపించాలి?

మొదటి స్థాయి టెక్నీషియన్ లైసెన్స్ నుంచి తర్వాతి స్థాయి జనరల్‌కి వెళ్తున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. మీ కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) ఎఫ్‌సీసీ (లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) డేటాబేస్‌లో కనిపిస్తుంటే టెన్షన్ వద్దు, ఆ లైసెన్సే రుజువు. దాని జిరాక్స్ పట్టుకెళ్లండి, ఎలిమెంట్ 2 (టెక్నీషియన్ పరీక్ష) మళ్లీ రాయక్కర్లేదు, జనరల్ పరీక్ష అయిన ఎలిమెంట్ 3లో 35కి 26 సరిగ్గా రాస్తే చాలు.

పాసయ్యాక లైసెన్స్ ఇంకా రాకపోతే మాత్రం పరీక్ష రోజు ఎగ్జామినర్లు సంతకాలు పెట్టి ఇచ్చిన సీఎస్‌సీఈ (పరీక్ష పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్) కాగితమే ఆధారం, దాని క్రెడిట్ 365 రోజులే చెల్లుతుంది కాబట్టి ఫొటో తీసుకున్నా సరే, ఒరిజినల్ దయచేసి జాగ్రత్తగా దాచుకోండి.

ఇంకోటి, నాకు బాగా నచ్చే వెసులుబాటు: టెక్నీషియన్ లైసెన్స్ చేతిలో ఉండి జనరల్ పాసైతే, ఆ సాయంత్రమే కొత్త ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడొచ్చు. డేటాబేస్ మారేదాకా కాల్‌సైన్ చివర ‘స్లాష్ ఏజీ’ అని చెప్పాలి.