అంటార్కిటికాలో స్థావరానికి వేల కోట్లు ఎందుకు? అక్కడ చదరపు అడుగుల లెక్క చెల్లదు

మీ ప్రశ్నలో రెండు సందేహాలు ఉన్నాయి. తూర్పు అంటార్కిటికాలో మన దేశం కట్టబోయే మైత్రి-2 కేంద్రానికి సుమారు 2,000 కోట్ల రూపాయలు అవుతాయని వార్తల్లో చదివి, పట్టుమని వంద మంది కూడా ఉండని భవనానికి అంత సొమ్ము దేనికన్నది మొదటిది. ఫ్యాక్టరీలో తయారైన గదులను తీసుకెళ్లి బిగించటమే అయినప్పుడు అన్నేళ్లు ఎందుకన్నది రెండోది. నేను శాస్త్రవేత్తను కాను, డీజిల్ జనరేటర్ల మనిషిని. ఆ పని మీదే అక్కడి మన పాత కేంద్రం మైత్రిలో ఒక శీతాకాలం, కొన్నేళ్ల తరవాత మన మరో కేంద్రం భారతిలో ఒక వేసవి ఉన్నాను. టెండర్ల కాగితాలు నా చేతికి ఎన్నడూ రాలేదు గానీ, ఆ డబ్బు ఏ రూపంలో అక్కడికి చేరి దేనికి ఖర్చవుతుందో దగ్గరి నుంచి చూశాను.

మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు అడుగుకు ఇంత అని లెక్క వేసుకుంటాం. అక్కడ వేసుకోవలసింది టన్నుకు ఎంత, రోజుకు ఎంత అన్న లెక్క. ఇసుక, సిమెంటు దొరికే కొట్టు లేదు, రేవు లేదు, పొద్దున్నే అడ్డా మీద దొరికే కూలీ లేడు. మేకు దగ్గరి నుంచి మేస్త్రీ దాకా అన్నీ ఓడ మీదో విమానంలోనో రావలసిందే. ఓడ తీరానికి చేరగలిగేది స్థూలంగా డిసెంబరు నుంచి మార్చి దాకా, అందులోనూ బయట నిలబడి క్రేను నడపగలిగిన మంచి రోజులు రెండు నెలలకు మించవు. ఆ ఓడ కూడా మనది కాదు. 1981 డిసెంబరులో డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 21 మందితో గోవా నుంచి బయలుదేరిన మొదటి యాత్ర ‘పోలార్ సర్కిల్’ అనే నార్వే ఓడను అద్దెకు తీసుకుని వెళ్లింది. నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా అద్దె ఓడల మీదే వెళుతున్నాం. కలకత్తాలోని గార్డెన్ రీచ్ ఓడల కర్మాగారం 2025లో ఒక నార్వే కంపెనీతో ధ్రువ పరిశోధన ఓడ కోసం ఒప్పందం చేసుకుంది, అది నీళ్లలోకి దిగేదాకా పరిస్థితి ఇంతే. మంచును తట్టుకునే ఓడల అద్దె రోజుల లెక్కన నడుస్తుంది. గాలి ఎక్కువై క్రేను ఆగితే పని ఆగుతుంది, అద్దె ఆగదు. అసలు ఖర్చు ఇక్కడే మొదలవుతుంది.

నేను వెళ్లిన సంవత్సరం జరిగిన ఒక సంఘటన చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మైత్రి ఉన్నది షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి గుట్టల మీద. నేల మీది నుంచి సముద్రం మీదికి చాచుకుని తేలే మందపాటి మంచు పలక అంచు దగ్గర ఓడ ఆగుతుంది, అది అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఓడ అంచుకు ఆనుకుని నిలబడ్డాక, దాని ట్యాంకుల్లో ఉన్న ఇంధనాన్ని రబ్బరు గొట్టాల ద్వారా మంచు మీద ఉన్న మా ట్యాంకుల్లోకి తోడాలి. గొట్టాలు పరిచాం, పంపు సిద్ధం చేశాం, గొట్టాలను కలిపే కప్లింగుల పెట్టె విప్పాం. లోపల ఉన్నవి కొత్తవి, మెరిసిపోతున్నాయి, ప్యాకింగ్ లిస్టులో రాసిన సంఖ్యకు సరిగ్గా సరిపోయాయి. కానీ వాటి మర మా ట్యాంకు వాల్వు మరకు ఎక్కలేదు, సరఫరాదారు వేరే కొలత పంపాడు. సికింద్రాబాదులో అయితే రాణిగంజ్‌కు మనిషిని పంపి టీ చల్లారేలోపు తెప్పించుకునే వస్తువది. అక్కడ మాకు అందుబాటులో ఉన్న అతి దగ్గరి దుకాణం కేప్‌టౌన్‌లో ఉంది. ఓడ మరమ్మతు గదిలో ఉన్న చిన్న లేత్ మీద, ఒక పాత ఇనుప దిమ్మను తొలిచి అడాప్టరు చేయటానికి ఇద్దరం రాత్రీ పగలూ కూర్చున్నాం (వేసవిలో అక్కడ రాత్రి ఉండదు గనుక ఆ మాటకు అర్థం లేదనుకోండి). మొత్తం పంతొమ్మిది గంటలు పట్టింది. ఆ పంతొమ్మిది గంటలూ ఆకాశం నిర్మలంగా ఉండటమే మాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే మర్నాడు సాయంత్రానికి మంచుతుఫాను వచ్చి మరో రెండు రోజులు ఎవరూ బయట అడుగు పెట్టలేదు.

కాబట్టి సామాను కొనటం కన్నా సర్దటం పెద్ద పని. ముందు కావలసింది చివర ఎక్కించాలి. వినటానికి సులువే గానీ, రెండు కేంద్రాలకు ఒకే ఓడ సరుకు మోసుకెళ్లే మన ఏర్పాటులో ఇది చిక్కు ముడి. మైత్రికీ భారతికీ మధ్య దాదాపు 3,000 కిలోమీటర్లు. ముందు ఏ కేంద్రానికి వెళ్లాలో చివరికి నిర్ణయించేది సముద్రం మీద తేలుతున్న మంచు. గోవాలో కూర్చుని వేసిన వరస కేప్‌టౌన్ దాటాక తారుమారైతే, భారతి పెట్టెల కింద మైత్రి క్రేను విడిభాగాలు ఇరుక్కుపోతాయి. బరువైన యంత్రాలు అడుగున ఉండకపోతే ఓడ నిలకడకు ముప్పు, అడుగున ఉంటే మొదట దింపటానికి అందవు. కేంద్రం కట్టేటప్పుడు మొట్టమొదట కావలసినవి ఈ బరువైన యంత్రాలే: క్రేను, తవ్వే యంత్రం, రాతిలో బెజ్జాలు వేసే డ్రిల్లు.

విమానాల్లో తీసుకెళ్లకూడదా అని వ్యాఖ్యల్లో ఒకరు అడిగారు. కేప్‌టౌన్ నుంచి ఇల్యూషిన్-76 విమానం ఆరు గంటల్లోపే నోవో మంచు రన్‌వే మీద దిగుతుంది, అది మైత్రికి దగ్గర్లోనే ఉంది, పలు దేశాలు ఆ ఏర్పాటును కలిసి వాడుకుంటాయి. మనుషులకు, కూరగాయలకు, అత్యవసర విడిభాగాలకు అది వరం. వేల టన్నుల ఉక్కుకూ ఇంధనానికీ అది దారి కాదు.

ఎక్కడ కట్టాలన్నది కూడా ఖర్చును శాసిస్తుంది. మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని 1983-84లో, హర్ష్ గుప్తా నాయకత్వం వహించిన మూడో యాత్రలో, సైనిక ఇంజనీర్లు మంచు పలక మీద ఒక్క వేసవిలోనే నిలబెట్టారు. ఓడ ఆగేచోటికి దగ్గర కావటంతో దాన్ని కట్టటం తేలికైంది, కానీ ఏటా కురిసే మంచు దాన్ని కప్పుకుంటూ పోయి కొన్నేళ్లలోనే కిందికి తీసుకుపోయింది. అందుకే 1988-89లో మైత్రిని లోపల రాతి మీద కట్టారు. మునిగే భయం పోయింది, బదులుగా ప్రతి లీటరు డీజిల్‌నూ వంద కిలోమీటర్లు ఈడ్చుకుపోవలసిన బాధ్యత వచ్చిపడింది. మంచు పలక మీదే ఉండాలని పట్టుబట్టిన దేశాలూ ఉన్నాయి. బ్రిటన్ తన ఆరో హ్యాలీ కేంద్రాన్ని స్కీలున్న కాళ్ల మీద, విడదీసి లాక్కుపోయేలా కట్టింది. దగ్గర్లో మంచు పగులు పెరగటంతో 2016-17 వేసవిలో నిజంగానే దాన్ని 23 కిలోమీటర్లు జరిపారు, అప్పటి నుంచి శీతాకాలంలో అక్కడ మనుషులను ఉంచటం లేదు. ఏ పద్ధతికైనా ఖర్చు తప్పదు, ఒకదానికి డబ్బు ముందే పెట్టాలి, ఇంకొకదానికి ఏటేటా పెట్టాలి.

లార్సెమన్ కొండల్లోని భారతి సముద్రం ఒడ్డునే, రాతి మీద ఉంది. 2012 మార్చి 18 నుంచి పనిచేస్తున్న ఈ కేంద్రాన్ని జర్మనీ వాళ్లు రూపొందించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అందులోని పొదుపు. మొత్తం 134 సరుకు రవాణా కంటెయినర్లే ఆ భవనానికి ఎముకలు. ఓడ మీద ఉన్నంతసేపు అవి పెట్టెలు, అక్కడికి చేరి ఒకదానిపై ఒకటి ఎక్కాక గదులు. వాటి చుట్టూ గాలి తగలకుండా మరో తొడుగు వేసి, మొత్తాన్ని కాళ్ల మీద ఎత్తి నిలబెట్టారు. అలా ఎత్తటం అందం కోసం కాదు: నేలకు ఆనించి కడితే గాలి మోసుకొచ్చిన మంచు గోడ పక్కనే గుట్టపడుతుంది, కింద ఖాళీ వదిలితే గాలే దాన్ని ఊడ్చుకుపోతుంది. లోపల తిరుగుతున్నప్పుడు మీకు కంటెయినరులో ఉన్నామన్న ధ్యాసే ఉండదు. భోజనాల గదిలో కిటికీ పక్కన కూర్చుని సాంబారు అన్నం తింటూ సముద్రపు మంచును చూడవచ్చు.

ఇక నా పనికి వస్తాను, ఎందుకంటే కట్టిన ఖర్చు ఒకసారి, నడిపే ఖర్చు ప్రతి నిమిషం. పక్కాగా మైత్రి అంకెలని కాదు గానీ, సగటున 60 కిలోవాట్లు వాడే ఒక చిన్న కేంద్రాన్ని ఊహించుకోండి. రోజుకు 1,440 యూనిట్లు. లీటరుకు మూడున్నర యూనిట్లకు కొంచెం పైన వస్తుందనుకున్నా రోజుకు దాదాపు 400 లీటర్లు, ఏడాదికి లక్షా నలభై ఆరు వేల లీటర్లు. వాహనాలకూ హెలికాప్టర్లకూ కావలసింది ఇందులో లేదు. మంచు మీద ఒక్కో ట్యాంకు స్లెడ్జిలో పదివేల లీటర్లు పడితే పదిహేను స్లెడ్జిలు, అంచు నుంచి కేంద్రానికి వంద, తిరిగి వంద కిలోమీటర్లు. వాటిని లాగేది పిస్టన్‌బుల్లీలు అనే మంచు మీద నడిచే పట్టాల బండ్లు, అవి తాగేది మళ్లీ ఆ డీజిలే. మామూలు డీజిల్ ఆ చలికి మైనంలా గడ్డకట్టి ఫిల్టర్లను మూసేస్తుంది కాబట్టి ప్రత్యేకమైన రకం ఇంధనమే పట్టుకెళ్లాలి. అలాంటి ఒక కాన్వాయ్‌లో తెల్లటి గాలి కమ్మేసి ముందున్న బండి వెనక దీపం కూడా కనపడకపోతే, ముప్పై గంటలకు పైగా ఉన్నచోటే ఆగిపోయాం. ఇంజన్లు ఆపితే మళ్లీ స్టార్టు కావేమోనన్న భయంతో వాటిని నడుస్తూనే ఉంచాం. ఒక్క అడుగు ముందుకు వేయకుండా మేము తగలబెట్టిన ఆ ఇంధనం ఏ పద్దు కింద రాశారో నాకు తెలియదు.

అందుకే భారతిలో ఇంజన్ల వేడిని వృథా పోనివ్వకుండా భవనాన్ని వెచ్చబెట్టటానికి మళ్లిస్తారు, తాగునీటిని సముద్రపు నీటి నుంచి ఉప్పు వడగట్టి తయారు చేస్తారు. మైత్రికి ఎదురుగా ప్రియదర్శిని అనే మంచినీటి చెరువు ఉండటం పెద్ద అదృష్టం, అయితే ఆ పైపు పొడుగునా వేడి తీగ చుట్టి ఉండాలి, ఆ తీగకు కరెంటు పోయిన కాసేపటికే పైపులో ఐసుగడ్డ తయారు. జనరేటరు ఆగితే దీపాలు ఆరటంతో పోదు, నీళ్లు, వేడి, వంట, వైర్‌లెస్సు, మురుగునీటి శుద్ధి అన్నీ వరసగా పడిపోతాయి. అందువల్ల ప్రాణాధారమైన ప్రతి యంత్రానికీ జంట ఉండాలి, నిప్పంటుకుంటే పారిపోయి తలదాచుకోవటానికి వేరే గుడిసె, దానికి వేరే జనరేటరు, వేరే తిండి నిల్వ ఉండాలి. ఒకటి చాలే చోట రెండు కొనటం మన ఆడిటర్లకు మింగుడుపడని విషయమే. కానీ మార్చిలో ఓడ వెళ్లిపోయాక పగిలిన హెడ్ గాస్కెట్‌కు మారు వచ్చేది నవంబరులో. మనుషుల విషయమూ అంతే. శీతాకాలపు జట్టులో పాతిక మంది ఉంటే సగానికి పైగా వంటవాడు, ప్లంబరు, వెల్డరు, వాహనాల మెకానిక్కు, డాక్టర్లు లాంటివారే. బయలుదేరే ముందు అందరికీ వైద్య, మానసిక పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి.

రెండో ప్రశ్న, కాలం గురించి. 1991లో సంతకాలై 1998లో అమలులోకి వచ్చిన, అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడే మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం, కేంద్రం లాంటి పెద్ద కట్టడానికి ముందు పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదాను సభ్య దేశాలన్నిటికీ పంపాలి, అదీ వారి వార్షిక సమావేశానికి కనీసం 120 రోజుల ముందు. వాళ్ల అభ్యంతరాలకు జవాబిచ్చాకే పని మొదలుపెట్టాలి. సమావేశం ఏడాదికి ఒకటే, పని చేసే వేసవీ ఏడాదికి ఒకటే. ఒక కాగితం నెల ఆలస్యమైతే భవనం సంవత్సరం ఆలస్యమవుతుంది. 2024 మేలో కొచ్చిలో జరిగిన సమావేశంలో మన ప్రభుత్వం మైత్రి-2 ఉద్దేశాన్ని ప్రకటించింది, 2029 జనవరి నాటికి పూర్తి చేయాలని లక్ష్యం. పునాదులకు ఒక వేసవి, భవనానికి మరొకటి కావాలని వెనక నుంచి లెక్కపెట్టుకుంటే, ఇందులో తీరిక ఏమీ లేదని మీకే తెలుస్తుంది.

ఇంత పెట్టి ఏం వస్తుందన్న మాట మీరు అడగలేదు గానీ ఒక్క ఉదాహరణ చెబుతాను. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాలు రోజుకు 14 చుట్లు తిరిగితే, హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రానికి కనపడేవి నాలుగైదు. దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్న భారతికి పదికి పైగా కనపడతాయి. అందుకే 2013 నుంచి భారతిలో ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే గ్రాహక కేంద్రం ఒకటి పనిచేస్తోంది, అక్కడ దిగిన సమాచారం ఉపగ్రహం ద్వారా షాద్‌నగర్ చేరుతుంది.

చివరగా, ఖర్చుల పట్టికల్లో చాలామంది చూడని పద్దు ఒకటి ఉంది, తిరుగు ప్రయాణానిది. మాడ్రిడ్ ఒప్పందం చెత్తను అక్కడ వదలనివ్వదు, వాడటం మానేసిన కట్టడాన్నీ తొలగించమంటుంది. కాబట్టి మైత్రి-2 లేచాక పాత మైత్రిని విప్పి ఓడెక్కించే పని ఉంటుంది, దానికీ క్రేనులు, స్లెడ్జిలు, మంచి రోజులు కావాలి. శీతాకాలం ముగిసి నేను బయలుదేరిన వారంలో నా చేతికి అప్పగించిన ఆఖరి పని ఏడాది పొడుగునా ఇంజన్లలోంచి తీసిన పాత నూనె డ్రమ్ముల లెక్క. ప్రతి డ్రమ్ము మూతనూ బిగించి, మీద రంగుతో నంబరు వేసి, వచ్చేటప్పుడు కొత్త నూనెతో దిగిన డ్రమ్ముల పట్టికతో సరిచూశాం. ఒకటి తక్కువ వచ్చింది. దాన్ని మంచు కింద వెతికి తవ్వి తీయటానికి ముగ్గురికి ఒక పూట పట్టింది, ఆ తరవాతే స్లెడ్జి కదిలింది.