షాపులో అదిరిపోయిన ఓవర్‌డ్రైవ్ పెడల్ చర్చిలో ఎందుకు జుయ్యిమంటుంది? పెడల్‌ని ఎలా పరీక్షించి కొనాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. స్ట్రాట్ టైపు ఎలక్ట్రిక్ గిటార్ ఉంది, ఆదివారం ఆరాధనలో వాయిస్తావు, ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) లేదు, కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. షాపులో ఒక ఓవర్‌డ్రైవ్, అంటే గిటార్ ధ్వనిని కావాలని గరుకుగా మార్చే పెడల్, తొక్కి చూస్తే అదిరింది. అదే పెడల్ ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చి చర్చిలో పెడితే కందిరీగల తుట్టె కదిపినట్టు వచ్చింది. ఇప్పుడు వేరే ఏది కొనాలి అంటున్నావు.

నేనూ సికింద్రాబాద్‌లో చర్చి బ్యాండ్‌తోనే ఎలక్ట్రిక్ గిటార్ మొదలుపెట్టాను, ఇప్పటికీ అక్కడే వాయిస్తున్నాను. నా మాట విని ఇంకో ఓవర్‌డ్రైవ్ మాత్రం ఇప్పుడే కొనకు. ఏది తెచ్చినా ఆ మిక్సర్‌లో అలాగే మోగుతుంది.

ఎందుకంటే షాపులో పెడల్ తర్వాత ఆంప్ ఉంది, ఆంప్‌లో గిటార్ స్పీకర్ ఉంది. ఆ 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని గట్టిగా కోసేస్తుంది. డ్రైవ్ పెడల్ చేసే పని సిగ్నల్ కొసలు నరికి కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరం మీద పుట్టే పై స్వరాలు) పుట్టించడం. వాటిలో చెవికి గుచ్చుకునేవన్నీ ఆ స్పీకర్ దగ్గరే ఆగిపోతాయి, మనకు మిగిలేది తియ్యటి భాగం. చర్చిలో పెట్టే పీఏ బాక్సులు (హాలంతా వినిపించే స్పీకర్లు) అలా కావు. పాస్టర్ గారి మాటలో ప్రతి ‘స’, ‘ష’ స్పష్టంగా వినపడాలని వాటిలో హార్న్ పెడతారు, అవి 15 కిలోహెర్ట్జ్ పైదాకా పలుకుతాయి. పెడల్ పుట్టించిన చెత్తంతా ఏమీ తగ్గకుండా జనం మీదికి వెళ్తుంది. మిక్సర్‌లో హై నాబ్ తిప్పి సరిచేద్దామని అందరూ ప్రయత్నిస్తారు. చాలా మిక్సర్లలో ఆ నాబ్ 10, 12 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, మనల్ని బాధపెట్టేది అంతకంటే కిందే ఉంటుంది. అందుకే పూర్తిగా తిప్పినా ఆ జుయ్యి పోదు, గిటార్ మాత్రం దుప్పటి కింద నుంచి మోగినట్టు తయారవుతుంది.

కాబట్టి నీకు ముందు కావాల్సింది క్యాబినెట్ సిమ్యులేషన్. అంటే గిటార్ స్పీకర్ ఎలా కోస్తుందో అలాగే కోసే సర్క్యూట్ లేదా సాఫ్ట్‌వేర్. దానికోసం ప్రత్యేకంగా పెడల్స్ ఉన్నాయి, కానీ బడ్జెట్ ఒక్కదానికే సరిపోతే జూమ్ కంపెనీ జీ1 ఫోర్, బాస్ కంపెనీ జీటీ-1 లాంటి చిన్న మల్టీ-ఎఫెక్ట్స్ (చాలా ఎఫెక్ట్‌లు ఒకే పెట్టెలో ఉండేవి) చూడు. ఆంప్, క్యాబినెట్ మోడల్స్ రెండూ వాటిలో ఉంటాయి, డిలే (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించేది), రివర్బ్ (పెద్ద హాలులో మోగినట్టు చేసేది) కూడా కలిసొస్తాయి. రేపు వేరే ఓవర్‌డ్రైవ్ కొన్నా దీని ముందు పెట్టుకోవచ్చు. మల్టీ-ఎఫెక్ట్స్ అంటే చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి వెనక ఆంప్ ఉంటుంది, నీకు లేదు.

ఇంకో విషయం రాశావు, పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా గిటార్ కాస్త మెరుగ్గా వినిపించిందని. అది భ్రమ కాదు. గిటార్ పికప్‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ దాకా ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో సుమారు 10 కిలో ఓమ్స్ ఉంటుంది, అందులో నేరుగా గుచ్చితే హై అంతా చచ్చిపోతుంది. బాస్ లాంటి కంపెనీల పెడల్స్ ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్‌ని బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) గుండా పంపుతాయి, అందుకే తేడా తెలిసింది. ట్రూ బైపాస్ పెడల్ (ఆఫ్‌లో సిగ్నల్‌ని బఫర్ లేకుండా నేరుగా వదిలేది) అయితే ఆఫ్ చేయగానే మళ్లీ మొదటికే వస్తుంది. మీ మిక్సర్‌లో హై-జీ (Hi-Z, గిటార్ కోసం ఇంపీడెన్స్ పెంచేది) బటన్ ఉందేమో సౌండ్ చూసే అన్నని అడుగు, లేకపోతే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డీఐ బాక్స్ వాడండి.

ఇక షాపులో పరీక్షించడం. నీ గిటార్, నీ కేబుల్ పట్టుకెళ్లు. వాళ్ల గోడకున్న ఖరీదైన హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) గిటార్‌తో, పెద్ద ఆంప్‌తో విన్నది నీకు పనికిరాదు. చాలా షాపుల్లో ఒక పవర్డ్ స్పీకర్ (లోపలే యాంప్లిఫయర్ ఉన్నది), చిన్న మిక్సర్ ఉంటాయి. వాటిలో పెట్టి వినిపించమని అడుగు. మొహం చిట్లిస్తారు కొందరు, పర్లేదు.

పెడల్ ఆన్ చేయగానే మొదట ముట్టుకోవాల్సింది లెవెల్ నాబ్. ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే చప్పుడు వచ్చేదాకా దాన్ని సరిచేయి, తర్వాతే గెయిన్ (గరుకు ఎంతో చెప్పే నాబ్), టోన్ జోలికి వెళ్లు. కొంచెం గట్టిగా వినిపించేది ఏదైనా మన చెవికి మెరుగ్గానే అనిపిస్తుంది. కౌంటర్‌లో అబ్బాయి పెడల్ పెట్టిస్తే లెవెల్ నాబ్ ఎప్పుడూ గడియారం ముల్లులా మూడు గంటల వైపే, అంటే బాగా పెంచే ఉంటుంది చూడు! సమానం చేశాక చాలా పెడల్స్ మామూలుగా అనిపిస్తాయి. అప్పుడు కూడా నచ్చిందంటే అది నిజంగా నచ్చినట్టు.

వాయించేటప్పుడు నేర్చుకున్న సోలో వాయించకు. ఆదివారం వాయించే ఓపెన్ జీ, సీ యాడ్9 (Cadd9) కార్డులు పట్టుకుని నెమ్మదిగా కొట్టు, గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి దించి చూడు. దించినప్పుడు ధ్వని శుభ్రపడాలి, కార్డులో విడివిడి తీగలు వినపడాలి. ముద్దగా అయిపోతే మన పనికి కష్టం.

ఒంటరిగా విన్నది బ్యాండ్‌లో నిలబడుతుందని లేదు. ఐబనెజ్ టీఎస్9 సంగతే చూడు. 1982లో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ అది, బేస్ తగ్గించి 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్య భాగాన్ని ఎత్తి చూపిస్తుంది. షాపులో విడిగా వింటే ముక్కుతో పాడుతున్నట్టుంటుంది. బాస్ బీడీ-2 బ్లూస్ డ్రైవర్ దాని పక్కన విశాలంగా, మెరుస్తూ వినిపిస్తుంది, చాలామంది అదే ఎంచుకుంటారు. మా దగ్గర ఒక శనివారం ప్రాక్టీస్‌లో రెండూ వరుసగా పెట్టి, పాట ఆపకుండా చరణానికి ఒకటి చొప్పున మార్చాను. కీబోర్డ్ తమ్ముడు ఎడమ చేత్తో స్ట్రింగ్స్ ప్యాడ్ నొక్కి పట్టుకుని ఉన్నాడు, ఆక్టోప్యాడ్ మోగుతోంది, అక్కలు పల్లవి ఎత్తుకున్నారు. బ్లూస్ డ్రైవర్ ఉన్నంతసేపూ నా కార్డులు ఆ ప్యాడ్‌లో కలిసిపోయాయి. టీఎస్9 తొక్కగానే కీబోర్డ్ తమ్ముడు తలెత్తి "అన్నా, ఇప్పుడు వినిపిస్తున్నావ్" అన్నాడు. మన బ్యాండ్లలో కీబోర్డ్ పైనా కిందా అంతా ఆక్రమిస్తుంది కాబట్టి గిటార్‌కి మిగిలేది ఆ మధ్య సందే. కీబోర్డ్ లేని ముగ్గురి బ్యాండ్ అయితే నేనూ బ్లూస్ డ్రైవరే పెట్టేవాణ్ణి.

డిలే గురించి కూడా అడిగావు. ఇంగ్లీష్ వర్షిప్ పాటల్లో వినే ఆ గలగల డాటెడ్ ఎయిత్ డిలే, అంటే ముప్పావు బీటుకి ఒకసారి తిరిగి వినిపించేది. లెక్క సులువు: 60,000ని టెంపోతో భాగించి, వచ్చినదాన్ని 0.75తో గుణించు. 120 టెంపోకి 375 మిల్లీసెకన్లు. కానీ మన తెలుగు పాటల్లో 6/8 నడక బాగా ఎక్కువ, అక్కడ డాటెడ్ ఎయిత్ కాలికి అడ్డం పడుతుంది. ఒక కౌంటుకో మూడు కౌంట్లకో సరిపెట్టుకో. మనవాళ్లు క్లిక్ (వేగం తప్పకుండా టక్ టక్ మని కొట్టే మెట్రోనోమ్) పెట్టుకోరు, పల్లవికి ఒక స్పీడు, చివర్లో ఇంకో స్పీడు. అందుకని ట్యాప్ టెంపో (కాలితో తాళం కొట్టి డిలే వేగం పెట్టే సదుపాయం) లేని డిలే తీసుకోకు. షాపులో నిలబడి, బూటుతో, పాట మధ్యలో ట్యాప్ చేయగలుగుతున్నావా లేదా చూసుకో. కూర్చుని చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు.

మోత వచ్చినా వెంటనే పెడల్‌ని అనుమానించకు. నీ స్ట్రాట్ టైపు గిటార్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు ఫ్యాన్ రెగ్యులేటర్ హమ్‌ని కూడా పట్టేస్తాయి. గిటార్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిరుగు, మోత పెరిగి తగ్గుతుంటే అది గదిలోది. రేకుల షెడ్డులో ఎర్తింగ్ లేకపోతే ఏ పెడల్ తెచ్చినా అంతే.

అడాప్టర్ 9 వోల్టులది, మైనస్ లోపల ఉన్నది కావాలి. పిన్ పట్టింది కదా అని కీబోర్డ్ అడాప్టర్ గుచ్చొద్దు, చాలావాటిలో 12 వోల్టులు, ప్లస్ లోపల. ఓవర్‌డ్రైవ్‌కి 10 మిల్లీయాంప్స్ లోపు సరిపోవచ్చు, డిజిటల్ రివర్బ్‌కి 200 దాటవచ్చు. రెండూ ఒకే వైరు మీద గొలుసులా వేస్తే సన్నటి కీచు మొదలవుతుంది, అలాంటప్పుడు ఐసోలేటెడ్ పవర్ సప్లై (ప్రతి పెడల్‌కి విడిగా కరెంటు ఇచ్చేది) తప్పదు. అన్నట్టు జర్మేనియం ఫజ్ (జర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసే, ఓవర్‌డ్రైవ్ కంటే గరుకు పెడల్) మీద మోజు పడితే మే నెలలో ఒకసారి విని కొను, ఆ ట్రాన్సిస్టర్లు ఎండకి స్వరం మార్చేస్తాయి.

సెకండ్ హ్యాండ్ అయితే నాబ్‌లన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు, కరకర వస్తే ధర తగ్గించమను. కేబుల్ గుచ్చాక జాక్ దగ్గర కదిపి చూడు, స్విచ్ పదిసార్లు తొక్కు. బ్యాటరీ మీద నడుపుతుంటే ప్రాక్టీస్ అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయి. చాలా పెడల్స్‌కి ఆ జాకే బ్యాటరీ స్విచ్. కేబుల్ అలాగే వదిలేస్తే వచ్చే ఆదివారానికి బ్యాటరీ ఉండదు.