వైకింగుల నేలపై పరిశోధన: అప్పు చేసి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం. నార్స్ ప్రజలు (వైకింగులు) ఐస్‌లాండ్‌లో స్థిరపడ్డాక అక్కడి అడవులు ఏమయ్యాయో పరిశోధిస్తానంటోంది. డిగ్రీ కాగానే విదేశాల్లో ఎమ్మెస్సీకి పంపమంటోంది. అప్పు చేసి పంపవచ్చా? ఉపాధి ఉంటుందా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఇప్పుడే అప్పు చేయకండి. అలాగని ఆమె ఆసక్తిని తీసిపారేయనూ వద్దు. బోటనీ చదివినవారికి బాగా అమరే రంగమిది.

9వ శతాబ్దం చివర నార్స్ కుటుంబాలు గొర్రెలు, ఆవులతో వచ్చేనాటికి ఐస్‌లాండ్‌లో కనీసం నాలుగో వంతు భూమిలో బిర్చ్ అడవులు, పొదలు ఉండేవని అంచనా. వంటచెరకుకు, బొగ్గుకు, మేత భూములకు వాటిని కొట్టేశారు. మళ్లీ చిగురించిన మొక్కను గొర్రెలు బతకనివ్వలేదు. అగ్నిపర్వత ధూళితో ఏర్పడిన తేలిక నేల, వేళ్ల పట్టు తప్పగానే గాలికి కొట్టుకుపోయింది. నేడు మిగిలిన సహజ బిర్చ్ వనం దాదాపు 1.5 శాతమే.

ఇదంతా ఎలా తెలిసిందంటే, సరస్సుల అడుగు నుంచి గొట్టాలతో తీసిన బురద వల్ల. అందులో క్రీ.శ. 877 ప్రాంతంలో పడిన అగ్నిపర్వత బూడిద పొర ఒకటుంది. దానికి దిగువన, అంటే నార్స్ ప్రజలు రాకముందటి బురదలో, బిర్చ్ పుప్పొడి దండిగా కనిపిస్తుంది. పైకి వచ్చేకొద్దీ గడ్డి పుప్పొడి, పశువుల పేడ మీద పెరిగే బూజు బీజాలు ఎక్కువవుతాయి. ఒక్కో నమూనాలో వందల రేణువులను మైక్రోస్కోపు కింద గుర్తుపట్టి లెక్కించాలి. అమ్మాయికి ఆ ఓపిక ఉందేమో ముందు చూడండి. అన్నీ వైకింగుల నెత్తిన రుద్దడానికీ లేదు: ఐస్‌లాండ్‌కు, నార్వేకు మధ్యనున్న ఫారో దీవుల్లో వారికంటే ముందే, సుమారు క్రీ.శ. 500 నాటికే గొర్రెలున్నాయని సరస్సు బురదలోని డీఎన్ఏ చెబుతోంది.

ఎమ్మెస్సీ బోటనీ ఇక్కడే చేయించండి. ప్రాజెక్టు మాత్రం పుప్పొడి శాస్త్రంలో ఉండాలి. లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థ ఈ పనికి పేరున్న చోటు. బూడిద పొరను చూడాలంటే ఐస్‌లాండే వెళ్లనక్కర్లేదు. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వత బూడిద ఉంది. ఒకసారి తీసుకెళ్లండి.

ఉపాధి విషయం దాచను. అచ్చంగా ఈ అంశంపై ఉద్యోగాలు చాలా తక్కువ. బోటనీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. పర్యావరణ ప్రభావ అంచనా సంస్థల్లోనూ అవకాశాలుంటాయి. అందుకు జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, భూ సమాచారం విశ్లేషించే పద్ధతి) నేర్చుకోవాలి. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు కొలువులకు మాత్రం జియాలజీలో పీజీ కావాలి. బోటనీతో కుదరదు.

ఎమ్మెస్సీ ఉండగానే సీఎస్ఐఆర్ నెట్ రాయమనండి. జేఆర్ఎఫ్ (ఆ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే ఇక్కడే స్టైపెండుతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. విదేశాలే కావాలంటే నార్వే, డెన్మార్క్, స్వీడన్‌లలో పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా జీతమిస్తారు. సీటు కోసం మీ చేత ఫీజు కట్టించుకునే పీహెచ్‌డీ అయితే ఒప్పుకోకండి.