సోలార్ ఇన్వర్టర్‌లో 13 యూనిట్లు, నెట్ మీటర్‌లో 8: మిగతా 5 ఎక్కడ?

ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లున్నాయి, ఒక రోజు ఇన్వర్టర్ 13 యూనిట్లు తయారైనట్టు చూపితే, లైను నుంచి వచ్చిందీ లైనుకు పోయిందీ లెక్కపెట్టే నెట్ మీటర్‌లో ఎక్స్‌పోర్ట్ 8 మాత్రమే ఉంది, మీటర్ తప్పా అని అడిగారు. మీటర్ తప్పేం లేదు, అన్నా. ఆ 5 యూనిట్లు పగలు మీ ఇంట్లోనే కాలాయి. ప్యానెళ్ల కరెంటు ముందు ఫ్రిజ్, కూలర్, మోటారుకు పోతుంది. మిగిలిందే లైనుకు ఎక్కుతుంది, ఎక్స్‌పోర్ట్ అంటే ఆ మిగులు మాత్రమే. మా అనంతపురం ఇంట్లో ఒక హెచ్‌పీ మోటారు రెండు గంటలు ఆడితే ఒకటిన్నర యూనిట్ పైనే.

చాలామంది వదిలేసేది ఒకటే, ఒకే రోజు రెండుసార్లు రీడింగ్ తీయడం.

1. తెల్లారకముందే మీటర్ బటన్ నొక్కుతూ పోండి. ఇంపోర్ట్ (లైను నుంచి ఇంట్లోకి వచ్చింది), ఎక్స్‌పోర్ట్ రెండూ రాసుకోండి. కిలోవాట్ అవర్ (kWh) అని ఉన్న అంకెలే. యూనిట్ అంటే అదే. కేవీఏహెచ్ (kVAh) అని ఇంకో కొలత కూడా వస్తుంది, అది వద్దు, నేను మొదట్లో అదే రాసుకుని వారం తలకొట్టుకున్నా.
2. పొద్దు గూకినాక మళ్లీ రాయండి.
3. ఇన్వర్టర్ యూనిట్లలోంచి పెరిగిన ఎక్స్‌పోర్ట్ తీసేయండి. పగలు ఇంట్లో కాలింది అదే.

3 కిలోవాట్లను 24 గంటలతో గుణించి 72 రావాలన్నారు కదా, అది కుదరదు. కిలోవాట్ అంటే ఆ క్షణం కరెంటు ఎంత జోరుగా వస్తోందో చెప్పే కొలత. ఆ 3 నిండు ఎండలోనే, రాత్రి సున్నా. మన ఎండకు 13 మంచి లెక్కే.

రాత్రిపూట ఎక్స్‌పోర్ట్ అంకె కదిలితే మాత్రం మీటర్ వైర్లు తిరగేసి బిగించి ఉండొచ్చు. ప్యానెల్ వాళ్లకూ కరెంటు ఆఫీసుకూ చెప్పండి.