ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుంటే ఎందుకు వేడెక్కి స్లో అవుతుంది?

ల్యాప్‌టాప్ అడుగున ఉన్న గాలి రంధ్రాలను పరుపు మూసేస్తుంది కాబట్టి అది వేడెక్కి, పాడవకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. చాలా మోడళ్లలో ఫ్యాన్ కింది నుంచి గాలి పీల్చి, పక్క నుంచో వెనక నుంచో వేడిని బయటికి తోస్తుంది. ఆ దారి మూసుకుపోతే ప్రాసెసర్ (పనంతా చేసే ప్రధాన చిప్) 95-100 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లి నెమ్మదిస్తుంది.

ఉదాహరణకి, దుప్పటి మీద పెట్టి వీడియో కాల్ మాట్లాడుతుంటే ఫ్యాన్ హోరెత్తుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. గట్టి బల్ల మీదికి మార్చి, వెనక అంచు కింద ఒక పుస్తకం పెడితే (రంధ్రాలకు అడ్డం రాకుండా) కొద్ది నిమిషాల్లో కుదుటపడుతుంది. బల్ల మీదా అదే గోలైతే ఫ్యాన్ దగ్గరి సన్నటి రేకుల మధ్య దుమ్ము పట్టిందేమో చూపించాలి.

చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు, లేదంటే ర్యామ్ పెంచుతారు. డబ్బు దండగ! వేడితో వచ్చిన స్లో ర్యామ్‌తో పోదు.