ఫోటోగ్రాఫర్ విజిటింగ్ కార్డు: అద్దం కింద పెట్టినా పనికొచ్చేలా

మీరు ఏడాదిగా సొంతంగా పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, పసిపిల్లల ఫోటోలు తీస్తున్నారు. స్టూడియో లేదు. మొదటిసారి విజిటింగ్ కార్డు వేయించాలి. అందులో మీరు తీసిన ఫోటో పెట్టాలా, క్యూఆర్ కోడ్ ఉండాలా, పేరు తెలుగులోనా ఇంగ్లీషులోనా, కాగితం ఎలాంటిది అని అడిగారు. నేను రాజమండ్రి చుట్టుపక్కల పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇప్పుడు వాడుతున్నది నాలుగో కార్డు. మొదటి మూడూ ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెబితే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే దొరుకుతుంది.

డిజైను గురించి ఆలోచించే ముందు, మీ చేతిలోంచి వెళ్లాక ఆ కార్డు ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. ఈ సంగతి నాకు ఒక ఫంక్షన్ హాలు ఆఫీసు గదిలో తెలిసింది. మేనేజరు గారి టేబుల్ మీద పెద్ద అద్దం, దాని కింద వరుసగా కార్డులు: క్యాటరింగ్, డెకరేషన్, సన్నాయి మేళం, పురోహితులు, బ్యూటీషియన్లు, ఫోటోగ్రాఫర్లు. నాదీ ఉంది. హాలు మాట్లాడుకోవడానికి వచ్చిన పెళ్లికూతురి తండ్రి ఒకరు ఫోటోగ్రాఫరు కావాలని అడిగితే, మేనేజరు గారు అద్దం వైపు చెయ్యి చూపించారు. ఆ తండ్రి తన ఫోను తీసి, అద్దం మీదుగానే మూడు నాలుగు కార్డులు ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. నా కార్డు కూడా అందులో పడింది. కానీ పైకి కనిపిస్తున్న వైపు ఉన్నది ఒక ఫోటో, మెలికలు తిరిగిన అక్షరాల్లో నా సంస్థ పేరు, అంతే. ఫోను నంబరు వెనక వైపు ఉంది. అద్దం కింది కార్డును తిప్పి చూసేవారు ఎవరుంటారు?

అప్పటి నుంచి నాకు ఒకటే నియమం. మీ పేరు, మీరు చేసే పని, ఊరు, ఫోను నంబరు, ఈ నాలుగూ ఒకే వైపు ఉండాలి. ఈ రోజుల్లో కార్డు చేతులు మారడం కంటే కార్డు ఫోటో వాట్సాప్‌లో తిరగడమే ఎక్కువ. అక్కయ్య చెల్లెలికి పంపుతుంది, ఆవిడ వియ్యపురాలికి పంపుతుంది. అందరూ పంపేది ఒక్క వైపు ఫోటోనే. వెనక వైపు వాడుకోవచ్చు, కానీ అది కనిపించకపోయినా మీకు ఫోను రావాలి.

ఇక కార్డు మీద ఫోటో. మనం ఫోటోగ్రాఫర్లం కాబట్టి పెట్టాలనే అనిపిస్తుంది. నా రెండో కార్డు మీద ఒక పెళ్లికూతురి ఫోటో పెట్టాను. తలంబ్రాల వేళ, కళ్లు గట్టిగా మూసుకుని పగలబడి నవ్వుతోంది. నేను తీసిన మంచి ఫోటోల్లో అదొకటని ఇప్పటికీ అంటాను. ఆ అమ్మాయిని గానీ వాళ్లింట్లోవాళ్లను గానీ నేను అడగలేదు. మూడు నెలల తర్వాత వాళ్ల మేనమామ ఒక జిరాక్సు షాపు కౌంటరు మీద ఆ కార్డు చూసి నాకు ఫోను చేశారు. ఆయన కోప్పడలేదు. మా అమ్మాయి ముఖం ముక్కూ ముఖం తెలియనివాళ్ల జేబుల్లో ఎందుకు తిరుగుతోందని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మిగిలిన ఆరు వందల చిల్లర కార్డులు వాళ్లింటికి తీసుకెళ్లి అప్పగించి, క్షమించమని అడిగి వచ్చాను. పంచేసినవాటిని మాత్రం వెనక్కి తేలేకపోయాను.

ఆ తర్వాతే చట్టం ఏమంటోందో చదివాను. మన 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులు తీయించుకున్నవారే. నొక్కింది మన వేలే అయినా ఆ ఫోటో మనది కాదు. మన వృత్తిలో చాలామందికి ఇది తెలియదు. అందుకని ఇప్పుడు నా ఒప్పందం కాగితంలో ఒక వాక్యం విడిగా ఉంటుంది: ఏ ఫోటోలు, ఎక్కడ, నా పని చూపించుకోవడానికి వాడుకోవచ్చో వాళ్లే గుర్తు పెడతారు. కొందరు ఇన్‌స్టాగ్రామ్‌కు సరేనని, అచ్చులో వద్దంటారు. ఆ మాట కాదనను. పసిపిల్లల ఫోటోలైతే సంతకం ఉన్నా కార్డు మీద పెట్టను.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 1854లో పారిస్‌లో దిస్దేరి అనే ఫోటోగ్రాఫరు ఒకే ప్లేటు మీద అనేక చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో ఫోటో దాదాపు 54 × 89 మిల్లీమీటర్లు. దాన్ని అట్టకు అంటించి బంధుమిత్రులకు ఇచ్చుకునేవారు. వాటిని ‘కార్త్ ద విజీత్’ అన్నారు, అంటే విజిటింగ్ కార్డులే. అట్ట వెనక స్టూడియో పేరు, చిరునామా అచ్చయి ఉండేవి. ఆ కార్డు ఇంటింటికీ తిరిగితే ఫోటోగ్రాఫరుకూ పేరొచ్చేది. అయితే అక్కడ ఎవరి ముఖాన్ని వాళ్లే, తమకు ఇష్టమైనవారికే ఇచ్చుకున్నారు. నేను చేసిన పనికీ దానికీ తేడా అదే.

అనుమతి ఉండి ఫోటో పెట్టాలనుకుంటే, మూడున్నర అంగుళాల ముక్కలో ఏది కనిపిస్తుందో చూసుకోండి. మండపం మొత్తం వచ్చిన ఫోటో అక్కడ రంగు చుక్కల్లా మిగులుతుంది. రెండు చేతులు, జీలకర్ర బెల్లం తమలపాకు, అంతవరకే ఉన్న ఫోటో నిలుస్తుంది. పైగా అందులో ఎవరి ముఖమూ ఉండదు. నా ఇప్పటి కార్డులో వెనక వైపు ఉన్నది కాళ్ల పారాణి మాత్రమే. ముందు వైపు ఫోటో లేదు.

ముందు వైపు తెల్లటి నేల, నల్లటి అక్షరాలు. ఇది చప్పగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. నా మొదటి కార్డు చప్పగా లేదు: మొత్తం నలుపు, మూలన కెమెరా బొమ్మ, పద్నాలుగు రకాల సేవల జాబితా, అడుగున సన్నటి తెల్ల అంకెల్లో నంబరు. అచ్చయి వచ్చాక చూస్తే 8, 6, 9 అంకెల లోపలి ఖాళీలు పూడిపోయి ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు వేరే నంబరుకు చేసి, చివరికి తెలిసినవారి ద్వారా నన్ను పట్టుకున్నారు. పట్టుకోలేనివారు ఎంతమందో! ప్రెస్సువారు తప్పు ఫైలుదే అన్నారు. చాలావరకు నిజమే. నేను పెట్టిన నలుపు నాలుగు సిరాలు కలిసిన నలుపు. ఒక్కో సిరా ఒక్కో ప్లేటుతో పడుతుంది. వాటిలో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా సన్నటి తెల్ల అక్షరంలోకి సిరా చేరుతుంది. కాబట్టి చిన్న అక్షరాలు లేత నేల మీద, ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. డిజైను చేసేవారికి “అక్షరాలు కే నూరు, మిగతా మూడూ సున్నా” అని చెబితే వారికి అర్థమవుతుంది, కే అంటే నల్ల సిరా. నంబరును అయిదేసి అంకెలుగా విడదీయండి, కార్డు మీద మీ పేరు తర్వాత పెద్దగా కనిపించేది అదే కావాలి. రెండు నంబర్లు వద్దు. వాట్సాప్ ఉన్న నంబరు ఒక్కటి చాలు.

ఆ పద్నాలుగు సేవల జాబితా వల్ల నాకు వచ్చిన ఫోన్లు పాస్‌పోర్టు ఫోటోలకు, లామినేషన్‌కు. మీరు “పెళ్లిళ్లు, పసిపిల్లల ఫోటోలు” అని ఒక్క వరుస రాయండి. స్టూడియో లేదు కాబట్టి ఇంటి చిరునామా అచ్చు వేయకండి. ఊరి పేరు చాలు.

పేరు తెలుగులో పెట్టమనే చెబుతాను. మన పెళ్లిళ్లలో నిర్ణయాలు చేసే పెద్దవాళ్లు కార్డును చేతిలో దూరంగా పట్టుకుని చదువుతారు. అక్కడ తెలుగు అక్షరం చప్పున అందుతుంది. దాని కింద చిన్నగా ఇంగ్లీషులో కూడా ఉంచండి, ఫోనులో వెతుక్కునేవారికి కావాలి. అయితే తెలుగు అక్షరాలకు జాగ్రత్త ఎక్కువ పడుతుంది. వత్తులు కిందికి, గుడులు పైకి వెళతాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే బాగా ఎక్కువ వదలాలి. ‘లక్ష్మి’, ‘కృష్ణ’ లాంటి పేర్లు బాగా చిన్న సైజులో ముద్దయిపోతాయి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. రామభద్ర లావుగా ఉంటుంది, పేరుకు బాగుంటుంది, చిన్న అక్షరాలకు వద్దు. ఫోటోషాప్‌లో ముఖ్యంగా పాత వెర్షన్లలో, దక్షిణాసియా భాషల సెట్టింగు పెట్టకపోతే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన విడిపోయి పడతాయి. ఇక చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తాయి, అవి యూనికోడ్ కాని పాత పద్ధతివి. మీ ఫైలు అక్కడ తెరిస్తే మీ పేరు మీకే తెలియనట్టు మారిపోవచ్చు. అందుకే అక్షరాలన్నీ, ఫాంటు లేకపోయినా మారని గీతల బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అచ్చుకు ముందు ప్రూఫులో మీ పేరును అక్షరం అక్షరం చదవండి.

క్యూఆర్ కోడ్ ఉంటే మంచిదే. కానీ మన దగ్గర ఆ గళ్ల చదరం కనిపిస్తే జనం చెయ్యి నేరుగా డబ్బు పంపే యాప్ మీదికి వెళుతుంది. ఒక పెద్దావిడ నా కార్డు చూసి “ఇప్పుడే అడ్వాన్సు కట్టాలా బాబూ?” అని అడిగారు. అందుకే కోడ్ పక్కనే “మా ఫోటోలు చూడండి” అని తెలుగులో రాయించాను. కోడ్ కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ తెల్ల అంచు వదలాలి, నల్లది తెల్లని దాని మీదే ఉండాలి. లింకు ఎంత పొట్టిదైతే గళ్లు అంత పెద్దవై సులువుగా స్కాన్ అవుతుంది. మధ్యలో వేరే సంస్థ సర్వరు గుండా తిప్పే ‘డైనమిక్’ కోడ్‌లు ఉచితమని మొదలుపెట్టి, కొన్నాళ్లకు డబ్బు కట్టకపోతే ఆగిపోవచ్చు. అప్పటికి కార్డులు జనం చేతుల్లో ఉంటాయి. మీ పేజీకి నేరుగా వెళ్లే మామూలు కోడ్ చేయించండి. ఇన్‌స్టాగ్రామ్ పేరు కూడా అచ్చు వేస్తే, దాన్ని ఫోనులో నోటితో చెప్పి చూడండి. మధ్యలో “కింద గీత, తర్వాత రెండు సున్నాలు” అని వివరించాల్సి వస్తే ముందు ఆ పేరు మార్చుకోండి.

కాగితం విషయంలో నేను చాలా తిరిగాను. నిగనిగలాడే గ్లాసీ లామినేషన్ కార్డు మీద ట్యూబులైటు వెలుగు పడితే ఫోటోలో తెల్ల మచ్చ తప్ప ఏమీ రాదు, పెన్నుతో రాసినా చెరిగిపోతుంది. మూడోసారి ముందు వైపు మాత్రమే మ్యాట్ లామినేషన్ వేయించి, రాసుకోవడానికి వెనక వైపు వదిలేశాను. గోదావరి గాలికి నెల తిరక్కుండా కార్డులన్నీ దోనెల్లా వంగిపోయాయి. ఒక వైపు ప్లాస్టిక్ పొర, మరో వైపు తేమ పీల్చే కాగితం ఉంటే అంతే జరుగుతుంది. ఇప్పుడు లామినేషన్ లేని, 350 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 350 గ్రాముల బరువుండే, మందపాటి అట్ట వాడుతున్నాను. దీని మీద బాల్‌పెన్నుతో హాయిగా రాయవచ్చు. నాకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కార్డు ఇచ్చేటప్పుడు నేను వెనక ముహూర్తం తేదీ, నేను చెప్పిన ధర రాసి ఇస్తాను. పారాణి ఫోటో పక్కన సగం ఖాళీ అందుకే ఉంది. తేదీ రాసి ఉన్న కార్డును ఎవరూ పారేయరు, శుభలేఖల కట్టతో పాటు దాచుకుంటారు. లామినేషన్ లేనందుకు ఒక ఇబ్బంది ఉంది. పెళ్లింట్లో అందరి చేతులకూ పసుపే, ఆ మరక పోదు. ఇచ్చినవి ఎటూ మరకలు పడతాయి. ఇవ్వాల్సినవి శుభ్రంగా ఉండాలని కెమెరా సంచిలో చిన్న స్టీలు డబ్బా పెట్టుకున్నాను.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. కార్డు 3.5 × 2 అంగుళాలు. కత్తిరింపు కోసం నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా వదిలితే ఫైలు 3.75 × 2.25 అవుతుంది, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది 1125 × 675 పిక్సెళ్లు. కత్తిరించే గీతకు లోపల కూడా అంతే దూరం దాకా అక్షరాలు రాకూడదు. ఫోటోను సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలోకి, మార్చి చూసుకోండి. ఫోనులో మండిపోయే పట్టుచీర ఎరుపు, గులాబీ రంగు అచ్చులో ఒక మెట్టు దిగుతాయి. ప్రెస్సులో మీ కార్డును ఇతరుల కార్డులతో కలిపి ఒకే షీటు మీద వేస్తారు కాబట్టి ఈసారి వచ్చిన రంగు వచ్చేసారి అచ్చం అలాగే రాకపోవచ్చు కూడా. ముందు వైపు ఫోటో మానేయడానికి నాకు ఇది ఇంకో కారణం.

ప్రెస్సుకు పంపే ముందు ఇంట్లో మామూలు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, కత్తెరతో కత్తిరించి, అరవై దాటినవారు ఒకరికి కళ్లజోడు లేకుండా చదవమని ఇవ్వండి. నా నాలుగో కార్డు మా నాన్నగారు చదివేదాకా అయిదుసార్లు మారింది. ఆయన నంబరు గడగడా చదివారు గానీ ఇన్‌స్టాగ్రామ్ పేరు దగ్గర ఆగిపోయారు. దాన్ని వెనక వైపుకు మార్చాను.

వెయ్యి వేయిస్తే ఒక్కోటి చవక పడుతుందని ప్రెస్సువారు చెబుతారు, నిజమే. అయినా మొదటిసారి డిజిటల్ ప్రింటులో రెండు వందలు చాలు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ప్రెస్సులో శుభలేఖల ఒత్తిడీ తక్కువ. అప్పుడు ప్రూఫు తీరిగ్గా చూపిస్తారు. శ్రావణంలో మొదటి పెళ్లికి వెళ్లేటప్పుడు కార్డులు డబ్బాలో ఉండేలా చూసుకోండి. ఒక నెల పంచాక, ఫోను చేసిన ప్రతివారినీ నంబరు ఎక్కడ దొరికిందని అడిగి రాసుకోండి. ఆ రెండు వందలు అయ్యేలోపు ఏమి మార్చాలో తెలిసిపోతుంది.