కంచె చేనుది, దొడ్డి పశువుది

సందేహం: ఆనందపురం దగ్గర మాకు కొంచెం మెట్ట ఉంది. మేకలూ గేదెలూ పెంచుదామని చుట్టూ రాళ్ళు పాతి తీగ లాగిస్తున్నాం. గేటు దగ్గర బోర్డు మీద ‘పశువుల కంచె నిర్మాణం జరుగుచున్నది’ అని రాయించాను. మా నాన్నగారు చూసి, “కంచె నిర్మించడమేట్రా, ఏస్తారు గానీ” అన్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: నేను మీ నాన్నగారి పక్షమే. అయితే ఆయన పట్టుకున్న తప్పుకంటే వదిలేసిందే పెద్దది. అది ‘పశువుల కంచె’.

కంచె చేనుది. పశువు లోపలికి రాకుండా రైతు వేసుకునేది. ‘కంచే చేను మేస్తే’ అన్న సామెతలో కాపలా దేనికో, భయం దేనివల్లో చూడండి. అందుకే ఆ మాటకు ముందు కాపాడేదాని పేరు వస్తుంది: చేని కంచె, తోట కంచె. లేదా సరుకు పేరు వస్తుంది: ముళ్ళకంచె, ఇనపకంచె. పశువును లోపల ఉంచేది దొడ్డి. గొర్రెలదొడ్డి, బందెలదొడ్డి అలా వచ్చినవే. పరాయి చేలో పడ్డ గొడ్లను తోలుకెళ్ళి పెట్టే ఆ బందెలదొడ్డికి 1871 నాటి చట్టమే ఉంది.

మీ బోర్డు తెలంగాణ మనిషి చదివితే ఇంకో చిక్కు. అక్కడ కంచ, కంచె అంటే పశువులు మేసే బీడు కూడా. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. బీడును నిర్మించడమేమిటని ఆయన తల గోక్కుంటాడు.

దొడ్డి అని రాయడానికి మొహమాటపడి ఉంటారు. పెరటికీ ఆ పేరే ఉండడంతో, ‘దొడ్డికెళ్ళడం’ వచ్చి పాపం దాని పరువు తీసింది. ‘పశువుల దొడ్డి’ అని జంటగా రాస్తే ఎవరూ నవ్వరు.

ఇక క్రియ. కంప తెచ్చి గట్టు వెంట పడేసేవారు గనుకే కంచె ‘వేయడం’ అయిందని నా ఊహ. తాటికమ్మలో సరుగుడు కర్రలో తాడుతో బిగించేది గనుక దడి ‘కడతారు’. రాయి పాతుతారు, తీగ లాగుతారు. పని ఎలా చేస్తే క్రియ అలా. ఉత్తరంలో మీరే ‘రాళ్ళు పాతి తీగ లాగిస్తున్నాం’ అని చక్కగా రాశారు. బోర్డు దగ్గరికొచ్చేసరికి టెండరు నోటీసు పూనింది.

ఫెన్సింగ్ అన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ సోలార్ ఫెన్సింగ్ పెట్టిస్తే దాన్ని ‘కరెంటు కంచె’ అనకండి. పల్లెల్లో ఆ మాట వింటే, అడవిపందుల కోసం దొంగచాటుగా లైను నుంచి లాగే తీగే గుర్తొస్తుంది. అది మనుషుల్నీ చంపుతుంది. సోలార్‌ది సుమారు సెకనుకోసారి చురుక్కుమనిపించి వదిలేస్తుంది.

మీరు లాగిస్తున్న తీగ లోపలి మేకలకు దొడ్డి, బయటి కుక్కలకు కంచె. కనుక ‘పశువుల దొడ్డికి కంచె వేస్తున్నాం’ అని తిరగరాయించండి. ఈసారి నాన్నగారికి చూపించాకే పెయింటరుకు డబ్బులివ్వండి.